‘ధైర్యము తెచ్చుకొనెను’: సిక్లగులో దావీదు గురించి చెప్పిన మాట

ప్రశ్న

సమూయేలు మొదటి గ్రంథము 30వ అధ్యాయం 6వ వచనం చివర ‘దావీదు తన దేవుడైన యెహోవాను బట్టి ధైర్యము తెచ్చుకొనెను’ అని ఉంది. కష్టంలో ఉన్నవారికి ఈ వాక్యాన్ని చూపించి, ‘మీరు కూడా ఇలాగే ధైర్యం తెచ్చుకోండి’ అని చెప్పడం తరచుగా వింటాం. నా సందేహాలు రెండు. ధైర్యపడెను, ధైర్యము వహించెను, ధైర్యము పొందెను అనకుండా ‘తెచ్చుకొనెను’ అనడంలో ప్రత్యేకత ఏమైనా ఉందా? ‘యెహోవాను బట్టి’ అన్నచోట ‘బట్టి’కి కారణం అని అర్థం చెప్పుకోవాలా, ఆధారం అని చెప్పుకోవాలా? వ్యాకరణం తెలిసినవారూ, బైబిలు కథలను శ్రద్ధగా చదివేవారూ వివరించగలరని మనవి.

మొదటి సమాధానం

మాట బరువు తెలియాలంటే ముందు ఆ మాట ఏ సందర్భంలో పడిందో చూడాలి. ఇశ్రాయేలు రాజైన సౌలుకు భయపడి దావీదు ఫిలిష్తీయుల దేశానికి వెళ్లిపోయాడు; అక్కడ ఒక సంవత్సరం నాలుగు నెలలు కాపురమున్నాడని 27వ అధ్యాయం చెబుతోంది. ‘ఏదో ఒకనాడు సౌలు చేతిలో నశిస్తాను’ అని తనలో తాను అనుకొని బయలుదేరిన ఆ ప్రయాణంలో, అంతకుముందు అడుగడుగునా దేవుని వద్ద విచారణ చేసిన మనిషి, ఒక్కసారైనా విచారణ చేసినట్లు కథకుడు చెప్పడు. 27 నుండి 29 వరకు మూడు అధ్యాయాలు చదివి చూడండి. దావీదు నోట ప్రార్థన అన్నదే వినబడదు. యెహోవా పేరు ఎత్తి ప్రమాణం చేసినవాడు, విచిత్రంగా, అతడికి ఆశ్రయమిచ్చిన ఫిలిష్తీయ రాజు ఆకీషు.

ఆ తరువాత ఇశ్రాయేలుతో యుద్ధానికి వెంట వచ్చిన అతడిని ఫిలిష్తీయుల సర్దారులు నమ్మక వెనక్కి పంపగా, దావీదు తన 600 మందితో మూడవ దినమున తాను కాపురమున్న సిక్లగుకు తిరిగి వచ్చేసరికి ఊరు కాలిపోయి ఉంది. అమాలేకీయులు స్త్రీలనూ పిల్లలనూ చెరపట్టుకొనిపోయారు. దావీదు భార్యలు అహీనోయము, అబీగయీలు కూడా వారిలో ఉన్నారు. ఇక ఏడ్చేందుకు శక్తి లేకపోయేంతగా అందరూ ఏడ్చారు. ఏడుపు ఆగిన తరువాత కోపం మొదలయింది. వారి స్థితిని తెలుగు అనువాదం ‘ప్రాణము విసికినందున’ అని చెప్పింది. హీబ్రూలో ఉన్నది ప్రాణము చేదెక్కడం. దానిని అక్షరాలా దించకుండా, ఈనాటికీ మనం ‘ప్రాణం విసిగిపోయింది’ అనే పలుకుబడిని ఎంచుకొన్న ఆ అనువాదకుల చెవి ఎంత చక్కనిదో గమనించాలి. దావీదును రాళ్లు రువ్వి చంపుదామని చెప్పుకొన్నవారు శత్రువులు కారు, ఇన్నేళ్లుగా వెంట నడిచినవారే. సరిగ్గా అక్కడ ఈ వాక్యం వస్తుంది.

ఇప్పుడు క్రియ సంగతి. తెలుగులో ‘కొను’ అనుప్రయోగం క్రియాఫలం కర్తకే చెందుతుందని చెబుతుంది: వండుట వేరు, వండుకొనుట వేరు. హీబ్రూ మూలంలో ఇక్కడ ఉన్న ‘వయ్యిత్‌హజ్జేక్’ కూడా హిత్పయేల్ అనే రూపం, అంటే కర్త తన మీద తానే జరుపుకొనే పని. ‘తన్ను తాను బలపరచుకొనెను’ అని దాని భావం. ధైర్యపడెను అంటే ఆ భావం అందదు, ఎందుకంటే ‘పడు’ చేరిన క్రియలో మనిషికి ఏదో సంభవించిందన్న ధ్వనే ఎక్కువ. ధైర్యము పొందెను అంటే ఎవరో ఇచ్చినట్లు ఉంటుంది. ‘తెచ్చుకొనెను’లో పని చేసినవాడూ దావీదే, ఫలం పొందినవాడూ దావీదే.

ఈ తేడా కథలో ఎంత పనిచేస్తుందో చూడాలంటే 23వ అధ్యాయానికి వెళ్లాలి. జీఫు అరణ్యంలో దావీదు దాగి ఉన్నప్పుడు సౌలు కుమారుడైన యోనాతాను వెదకుకొంటూ వచ్చి, భయపడవద్దని చెప్పి, దేవునియందు అతని చేతిని బలపరిచాడు. హీబ్రూలో ధాతువు అదే, రూపం వేరు. అక్కడ బలపరచినవాడు ఒకడు, బలపడినవాడు మరొకడు. సిక్లగు బూడిదలో యోనాతాను లేడు. అతడు తన తండ్రి సైన్యంలో ఉన్నాడు, తరువాతి అధ్యాయంలోనే గిల్బోవ పర్వతం మీద చనిపోతాడు. ఇతరులు వచ్చి ధైర్యం చెప్పే రోజులు ఉంటాయి, చెప్పవలసినవారే రాళ్లు ఏరుకొనే రోజులూ ఉంటాయి. ‘పరచు’ నుండి ‘కొను’కు కథ అలా నడిచింది.

అయితే ‘తెచ్చుకొనెను’ అన్నారు కాబట్టి ధైర్యం ఎక్కడో బయటినుండి వచ్చిందని ఒక్క క్రియను పట్టుకొని వాదించకూడదు. కోపం తెచ్చుకొంటాం, పేరు తెచ్చుకొంటాం. వాటిని ఎవరి దగ్గరనుండీ మోసుకురాము. ధైర్యం ఎక్కడిదో చెప్పే బాధ్యత క్రియది కాదు, దాని పక్కనున్న ‘యెహోవాను బట్టి’ది. నా అభిప్రాయంలో ఈ వాక్యంలో ప్రాణమున్న భాగం అదే. ఆ భాగాన్ని వదిలేసి మిగిలిన రెండు మాటలనే దుఃఖంలో ఉన్నవారి ముందు ఉంచితే, తన జుట్టు తానే పట్టుకొని పైకి లేవమన్నట్లు ఉంటుంది.

‘బట్టి’ గురించి

పై వివరణతో ఏకీభవిస్తూ ‘బట్టి’ గురించి కొంచెం చెబుతాను. ఇది ‘పట్టు’ ధాతువునుండి వచ్చిన ‘పట్టి’కి రూపాంతరం, ద్వితీయా విభక్తి తరువాత చేరి, నేటి వాడుకలో కారణాన్నో ఆధారాన్నో తెలిపే ప్రత్యయంలా పనిచేస్తుంది. ‘వానను బట్టి పంట’ అన్నప్పుడు ఎవరమూ పట్టుకోవడం గురించి ఆలోచించం. కాబట్టి ‘యెహోవాను గట్టిగా పట్టుకొని’ అని ఈ వచనానికి అర్థం చెబితే అది వ్యుత్పత్తి మీద మమకారంతో చేసిన వ్యాఖ్యానమే కాని, మాటకు సూటి అర్థం కాదు. హీబ్రూలో ఆ స్థానంలో ఉన్నది ‘బె’ అనే చిన్న ఉపసర్గ మాత్రమే. ‘లో, యందు’ అని దాని సాధారణార్థం.

ఇంత చెప్పిన తరువాత, ఒక యాదృచ్ఛికాన్ని మాత్రం దాచలేను. హీబ్రూ ‘హ-జ-క్’ ధాతువుకు బలపడుట అనే కాక, మరొక రూపంలో పట్టుకొనుట అనే అర్థమూ ఉంది. అనువాదకులు దీనిని ఉద్దేశించి ‘బట్టి’ వాడారని అనలేం. చదివేవారి మనసులో ఆ రెండూ కలిస్తే అడ్డుచెప్పవలసిన పనీ లేదు.

ప్రశ్నలోని రెండో భాగానికి నా జవాబు: కారణం అనడం కంటే ఆధారం అనడమే మేలు. కారణం అంటే దేవుడు ఏదో చేశాడు కనుక ధైర్యం వచ్చిందని అర్థమవుతుంది. 6వ వచనం నాటికి ఆయన ఇంకా ఏమీ చేయలేదు. ‘తన దేవుడైన’ అన్న విశేషణం కూడా ఆధారం వైపే మొగ్గుతుంది, ఎందుకంటే అది జరిగిన మేలును కాక ఉన్న బంధాన్ని చెబుతోంది.

మరొకరి అభ్యంతరం

వ్యాకరణం బాగుంది. నాకు ఇబ్బంది మరొకచోట ఉంది. ఈ వాక్యాన్ని విధిగా మార్చి అందరికీ వర్తింపజేయడం బైబిలు కథలకే న్యాయం కాదు. రాజుల మొదటి గ్రంథము 19వ అధ్యాయంలో ప్రవక్తయైన ఏలీయా రాణి యెజెబెలు బెదిరింపుకు భయపడి, బెయేర్షెబా దాటి ఒక దినప్రయాణమంత అరణ్యంలోకి పోయి, బదరీవృక్షం కింద కూర్చొని ‘ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము’ అన్నాడు. అతడికి ఎవరూ ధైర్యం తెచ్చుకొమ్మని చెప్పలేదు. దూత వచ్చి తట్టి లేపి భోజనం చేయమన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పము, నీళ్లు. తిని మళ్లీ పడుకొన్నాడు. రెండోసారి లేపినప్పుడు కూడా మందలింపు లేదు, ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది’ అన్న మాట మాత్రం ఉంది. నీకు శక్తి ఉందని బుజ్జగించకుండా, శక్తికి మించినదేనని ఒప్పుకొని అన్నం పెట్టిన ఓదార్పు అది. హోరేబు కొండ, అక్కడి సంభాషణ, కొత్త పని అప్పగించడం అన్నీ ఆ తరువాతనే.

కాబట్టి కుంగిపోయినవారి దగ్గరకు దావీదు వాక్యంతో వెళ్లాలా, ఏలీయా కథతో వెళ్లాలా అన్నది మనిషిని చూసి నిర్ణయించుకోవలసిన విషయం. కొందరి కుంగుబాటు నిద్రాహారాలతో తీరదు, వైద్యుని దగ్గరకు వెళ్లవలసి ఉంటుంది. అలాంటివారికి ధైర్యం తక్కువని అనడం క్రూరత్వం.

మొదటి సమాధానం ఇచ్చినవారి స్పందన

మీరు ఏలీయాను ప్రస్తావించడం ఈ చర్చకు ఎంతో అవసరం. దానికి నేను చేర్చగలిగినది ఒక్కటే: విధిరూపంలో ఉన్న వాక్యాలను కూడా బైబిలు ఎలా చెబుతోందో చూస్తే మీ అభ్యంతరానికి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

‘ధైర్యము తెచ్చుకొనుడి, నేనే, భయపడకుడి’ అని అలల మీద నడిచి వచ్చిన యేసు దోనెలోని శిష్యులతో అన్నాడు (మత్తయి 14). ‘లోకములో మీకు శ్రమ కలుగును, అయినను ధైర్యము తెచ్చుకొనుడి, నేను లోకమును జయించి యున్నాను’ (యోహాను 16). యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయితో అక్కడివారు ‘ధైర్యము తెచ్చుకొనుము, ఆయన నిన్ను పిలుచుచున్నాడు, లెమ్ము’ అన్నారు (మార్కు 10). మూడు చోట్లా ఆజ్ఞ ఒంటరిగా లేదు. నేనే, నేను జయించియున్నాను, ఆయన పిలుచుచున్నాడు: ఆజ్ఞను ఆనుకొని ఆధారాన్ని చెప్పే వాక్యం ఒకటి ఉంది. బర్తిమయి విషయంలో మరీ ముచ్చటగా ఉంటుంది, ఎందుకంటే కాసేపటి క్రితం ఊరకుండుమని అతడిని గద్దించినదీ గుంపే. యేసు పిలిచాడు కాబట్టి వారి నోట మాట మారింది. యెహోషువ మొదటి అధ్యాయంలో ‘నిబ్బరముగలిగి ధైర్యముగా నుండుము’ అన్న ఆజ్ఞ కూడా ‘నీవు నడుచు మార్గమంతటిలో నీ దేవుడైన యెహోవా నీకు తోడైయుండును’ అన్న మాట దగ్గరికి వచ్చి ఆగుతుంది.

పౌలు కథలో ఆధారం మరొక రూపంలో కనబడుతుంది. ఖైదీగా రోమాకు తీసుకుపోబడుతున్నప్పుడు, అప్పీయా సంతపేట వరకూ త్రిసత్రముల వరకూ సహోదరులు ఎదురు వచ్చారు. ‘పౌలు వారిని చూచి దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి ధైర్యము తెచ్చుకొనెను’ (అపొస్తలుల కార్యములు 28). దావీదుకు వాడిన మాటే ఇది. కాని ఇక్కడ ‘యెహోవాను బట్టి’కి బదులు ‘వారిని చూచి’ అని ఉంది, మధ్యలో దేవునికి కృతజ్ఞత ఉంది. అంతకుముందే యెరూషలేములో ఒక రాత్రి ప్రభువు పక్కన నిలిచి ధైర్యం చెప్పాడు, ఓడ పగిలే ముందు దేవదూత వచ్చి చెప్పాడు. అయినా నడిచి వచ్చిన మనుషుల ముఖాలు అతడికి అవసరమయ్యాయి. ప్రభువును నమ్మినవాడికి మనుషుల ఓదార్పు అక్కరలేదని ఎవరైనా అంటే ఈ వచనం చూపించవచ్చు.

ఇక సిక్లగు కథలో మనం తరచుగా చదవకుండా దాటిపోయే భాగం ఒకటి ఉంది. దావీదు యాజకుడైన అబ్యాతారును పిలిచి, దేవుని వద్ద విచారణకు వాడే యాజక వస్త్రమైన ఏఫోదు తెప్పించి, చాలా కాలం తరువాత విచారణ చేసి, తరమమన్న జవాబు విని 600 మందితో బయలుదేరాడు. బెసోరు వాగు దగ్గర 200 మంది అలసిపోయి దాటలేకపోయారు. వారిని ఎవరూ ధైర్యం తెచ్చుకొమ్మని గదమాయించలేదు. అక్కడే ఉండనిచ్చి 400 మంది ముందుకు పోయారు. తిరిగి వచ్చినప్పుడు, వెంట రానివారికి దోపుడుసొమ్ములో పాలు ఇవ్వకూడదని కొందరు అన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి పోయినవాని భాగమెంతో సామాను దగ్గర నిలిచినవాని భాగమూ అంతే అని ఇశ్రాయేలులో కట్టడగా నియమించాడు. తాను దేవుని బట్టి ధైర్యం తెచ్చుకొన్నవాడు, తేలేకపోయినవారిని తక్కువ చేయలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఒక్కటి మిగిలింది. దావీదుకు చివరికి అన్నీ తిరిగి దొరికాయి; భార్యలు, పిల్లలు, ఆస్తి, ఏదీ తప్పిపోలేదని 19వ వచనం చెబుతోంది. అలా దొరకకపోయి ఉంటే ‘ధైర్యము తెచ్చుకొనెను’ అన్న మాట నిలిచేదా? దొరకనివారు ఈ కథను ఎలా చదవాలి?

చివరి సమాధానం

అలా దొరకనివారి కోసం దానియేలు గ్రంథము 3వ అధ్యాయం ఉంది. తన ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న బబులోను రాజు నెబుకద్నెజరు ముందు షద్రకు, మేషాకు, అబేద్నెగో ఇచ్చిన జవాబులో వాక్యాలు రెండు. మొదటిది, తమ దేవుడు అగ్నిగుండంనుండి రక్షించుటకు సమర్థుడని. రెండవది ‘ఒకవేళ ఆయన రక్షింపకపోయినను’ అని మొదలై, నీ ప్రతిమకు మేము నమస్కరించము అని ముగుస్తుంది. ‘రక్షింపకపోతే’ అని ఉంటే అది షరతు అవుతుంది. ‘పోయినను’ అన్న అప్యర్థకం షరతును తీసివేస్తుంది. వారు కూడా చివరికి బయటపడ్డారు, నిజమే. కాని ఆ వాక్యం పలికినప్పుడు గుండం ఇంకా మండుతూనే ఉంది, ఫలితం వారికి తెలియదు. సిక్లగులో 6వ వచనం దగ్గర దావీదుకు 19వ వచనం తెలియదు. ఆ దండును తరిమితే కలుసుకొంటానా అని అతడు అడిగినది 8వ వచనంలో, ధైర్యం తెచ్చుకొన్న తరువాత.