ఎర్ర రొయ్యలు పాలిపోతున్నాయి, సగం కనబడట్లేదు. ఫిల్టరు పెట్టాలా?

కొత్తతొట్టి:

అందరికీ నమస్కారం. 8 లీటర్ల చిన్న గాజు తొట్టిలో ఒపే ఉలా రొయ్యలు (హవాయికి చెందిన బుల్లి ఎర్ర రొయ్యలు) పెంచుతున్నాను. మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. అడుగున వేలి మందం పగడపు ఇసుక, దాని మీద నాలుగు లావా రాళ్ళు, గుప్పెడు కేటోమోర్ఫా నాచు, ఓ అరడజను ట్రంపెట్ నత్తలు. ఫిల్టరు లేదు, హీటరు లేదు. మూత ఉంది గానీ ఒక మూల చిన్న సందు ఉంది.

మొదటి ఆరేడు నెలలు భలే ఉండేవి. రాళ్ళ మీద కుంకుమ చల్లినట్టు ఎర్రగా కనబడేవి. ఇప్పుడు సగం రొయ్యలు రంగు పోయి గాజుముక్కల్లా అయ్యాయి, సందుల్లోంచి బయటికే రావట్లేదు. 20 వేశాను, నిన్న లెక్కపెడితే 11. రెండు తెల్లటి శవాలు కూడా దొరికాయి. ఒకటి పట్టుకారుతో తీసి చూస్తే లోపల ఏమీ లేదు, బోలు. నత్తలు తినేశాయేమో అని అనుమానం.

పట్టించుకోలేదా అంటే అదీ కాదు. ప్రతి ఆదివారం తగ్గిన మేరకు నీళ్ళు పోస్తాను, వారానికి 150 మి.లీ. దాకా పడుతుంది. మెరైన్ సాల్ట్ లీటరుకి 17 గ్రాముల లెక్కన కలిపి సీసాలో ఉంచుకున్నాను, అదే పోస్తాను. హైడ్రోమీటరు (నీటి సాంద్రతని బట్టి ఉప్పు చూపేది) మొదటి రోజు 1.012 చూపించింది, ఇవాళ కూడా 1.013. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. మేత వారానికి రెండుసార్లు, చిటికెడు స్పిరులినా పొడి. ఇంతవరకు ఒక్క పిల్ల కూడా పుట్టలేదు. ఇవి ఇరవై ఏళ్ళ దాకా బతుకుతాయని చదివి తెచ్చుకున్నాను. నాకు ఏడాదికే టెన్షన్ మొదలైంది. ఫిల్టరు లేకపోవడం వల్లేనా?

గాలిబుడగ:

నేనైతే ఒక స్పాంజి ఫిల్టరు పెట్టేస్తాను. గాలి ఆడని నీళ్ళలో ఏ రొయ్యా ఎర్రగా ఉండదు. దాంతోపాటు సగం నీళ్ళు మార్చి చూడండి, ఒక్కరోజులో తేడా తెలుస్తుంది.

నత్తగుల్ల:

సగం నీళ్ళు ఒకేసారి మార్చే పని మాత్రం పెట్టుకోకండి, దయచేసి.

కొత్తతొట్టి గారూ, ముందు ఆ శవాల సంగతి. బోలుగా ఉన్నాయన్నారు కదా, అవి శవాలు కావు, విడిచిన పెంకులు. రొయ్య పెరగాలంటే పెంకు విడవాల్సిందే. తల వెనక వీపు మీద చీలిక కనబడుతుంది, కాళ్ళూ మీసాలతో సహా చొక్కా విప్పి పడేసినట్టు ఉంటుంది. చచ్చిన రొయ్య అలా ఉండదు, ఒళ్ళంతా మసక గులాబి రంగుకి తిరుగుతుంది. మొదటిసారి పెంకు చూసినప్పుడు నేనూ గంటసేపు దిగులు పడ్డాను. పెంకులు తీసేయకండి, వాటిలోని కాల్షియం కోసం అవే కొరుక్కు తింటాయి. ట్రంపెట్ నత్తలు బతికున్న రొయ్య జోలికి పోవు, పాపం.

ఇంకో మాట అడగాలి. ఈమధ్య తొట్టిలో ఏదైనా మందు గానీ మొక్కల ఎరువు గానీ పోశారా? నా మొదటి తొట్టి అలాగే పోయింది. నాచు పసుపెక్కుతోందని మంచినీటి మొక్కలకి వాడే ఎరువు నాలుగు చుక్కలు వేశాను. అందులో రాగి ఉంటుందని అప్పటికి నాకు తెలియదు, సీసా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. మర్నాడు పొద్దున్నకి ముప్పై రొయ్యల్లో నాలుగే మిగిలాయి. నత్తల్ని చంపే మందుల్లోనూ రాగే ఉంటుంది.

కొత్తతొట్టి:

మందూ ఎరువూ ఏవీ పోయలేదండీ. పెంకుల సంగతి విన్నాక సగం ప్రాణం లేచొచ్చింది. మిగతా సగం ఇంకా రాలేదు.

పాతనీరు:

మీ పోస్టు రెండుసార్లు చదివాను. జబ్బు అందులోనే ఉంది. "అదే పోస్తాను" అన్నారే, అక్కడ.

తొట్టిలోంచి ఆవిరైపోయేది ఉత్త నీరు. ఉప్పు ఎక్కడికీ పోదు, లోపలే ఉంటుంది. పోయిన ఉత్త నీటి బదులు మీరు ప్రతి ఆదివారం ఉప్పు నీరు పోస్తున్నారు. లెక్క వేసి చూడండి. వారానికి 150 మి.లీ., లీటరుకి 17 గ్రాములు, అంటే వారానికి రెండున్నర గ్రాముల ఉప్పు అదనం. పద్నాలుగు నెలలంటే 60 వారాలు, మొత్తం 150 గ్రాముల పైచిలుకు. 8 లీటర్లకి పంచితే లీటరుకి 19 గ్రాములు. మొదట ఉన్న 17 కలపండి, 36 అవుతుంది. సముద్రమే 35 దగ్గర ఉంటుంది. మీరు బ్రాకిష్ తొట్టి, అంటే సగం ఉప్పగా ఉండే తొట్టి అనుకుంటున్నారు గానీ బల్ల మీద సముద్రాన్ని పెట్టుకున్నారు. (రాళ్ళూ ఇసుకా పోగా నీళ్ళు ఏడు లీటర్లే ఉంటే ఇంకా ఎక్కువ. మూత అంచున గడ్డకట్టిన ఉప్పు కొంత మినహాయించండి. రెండూ కలిపితే అటూ ఇటూ చెల్లు.)

మరి హైడ్రోమీటరు 1.013 ఎందుకు చూపించింది? మీది ప్లాస్టిక్ డబ్బాలో ముల్లు ఊగే రకం అయ్యుంటుంది. వాడిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగకపోతే ముల్లు మీద ఉప్పూ సున్నమూ పేరుకుంటాయి. బరువెక్కిన ముల్లు పైకి లేవలేదు, తక్కువ చూపిస్తుంది. ముల్లుకి గాలిబుడగలు అంటుకుంటే దీనికి వ్యతిరేకం, ఎక్కువ చూపిస్తుంది. రిఫ్రాక్టోమీటరు (ఒక చుక్క నీటితో ఉప్పు ఎంతుందో చూపే పరికరం) ఉన్నవాళ్ళ దగ్గర ఒకసారి అడిగి తెచ్చుకోండి. ముందు దాని మీద ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ వేసి సున్నా దగ్గర సరిచేశాకే తొట్టి నీరు వేయండి.

ఇంత ఉప్పులో ఇవి ఎలా బతికాయంటే, అది వాటి పుట్టుక. హవాయిలో గడ్డకట్టిన లావా నేలల్లో చిన్న చిన్న నీటి గుంటలు ఉంటాయి. పైన సముద్రంతో ఏ దారీ ఉండదు. కింద రాతి పగుళ్ళలోంచి ఒకవైపు సముద్రపు నీరు, ఇంకోవైపు భూగర్భంలోని మంచినీరు వచ్చి కలుస్తాయి. ఆటుపోట్లకి గుంటలో నీటి మట్టం లేచి పడుతుంది. ఒక గుంట దాదాపు మంచినీరులా ఉంటే ఇంకోటి సముద్రానికి దగ్గరగా ఉంటుంది. అలాంటి చోట పుట్టిన రొయ్య కనుక తట్టుకుంది. ఇంకో జాతి అయితే ఆరో నెలలోనే చచ్చిపోయి మీకు సంగతి తెలియజేసేది. ఇవి చావవు. రంగు తగ్గించుకుని, పిల్లల్ని పెట్టడం మానేసి, రాళ్ళ సందులో కూర్చుంటాయి. మనకేమో అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు దించడం ఎలా? తొందర పడొద్దు. ఉప్పు ఒక్కసారి పడిపోతే రొయ్య తట్టుకున్నా, ఇసుకలో రాళ్ళలో ఉండి అమ్మోనియాని తినే బ్యాక్టీరియా దెబ్బతింటుంది, అప్పుడు మీ సున్నా అమ్మోనియా సున్నాగా ఉండదు. వారానికి రెండుసార్లు 400 మి.లీ. తీసి, అంతే డిస్టిల్డ్ గానీ ఆర్వో నీరు గానీ పోయండి. తీసిన ప్రతిసారీ ఉప్పు ఇరవయ్యో వంతు తగ్గుతుంది. 36 నుంచి 17 కి రావడానికి పదిహేను సార్లు, అంటే ఏడెనిమిది వారాలు. పోసేటప్పుడు గాలి గొట్టానికి ముడి వేసి చుక్కలు చుక్కలుగా వదలండి. ఆ ఉప్పు నీళ్ళ సీసాతో ఇవాళ్టి నుంచే మీకు పని లేదు. గాజు మీద నీటి మట్టం దగ్గర పెన్సిలు గీత పెట్టిన టేపు ముక్క అంటించండి. నీరు గీత కిందికి దిగితే ఉత్త నీరు గీత దాకా. అంతే. నా తొట్టికి తొమ్మిదేళ్ళు, టేపు రెండుసార్లు మార్చాను.

మేత గురించి. వారానికి రెండుసార్లు చిటికెడు అంటే ఇరవై రొయ్యలకి అది పెళ్ళిభోజనం. వాటి అసలు తిండి రాళ్ళ మీద, గాజు మీద పట్టే నాచు, కంటికి కనబడని ఆ జిగురు పొర. ఒక రొయ్యని పది నిమిషాలు దగ్గర్నుంచి చూడండి. ముందు కాళ్ళ చివర్న బుల్లి కుంచెలు ఉంటాయి. వాటితో రాతిని తుడిచి నోట్లో పెట్టుకుంటుంది, మళ్ళీ తుడుస్తుంది, ఒక చేయి నోటి దగ్గర ఉంటే ఇంకోటి రాతి మీద. ఆ పని ఆగదు. రాతి మీద పచ్చదనం ఉన్నంతకాలం మీరు మేత వేయకపోయినా నష్టం లేదు. అంతగా మనసొప్పకపోతే పదిహేను రోజులకోసారి, తడిపిన టూత్‌పిక్ కొనకి అంటుకున్నంత పొడి. మిగిలిన మేత ఇసుకలోకి దిగి కుళ్ళుతుంది. ఇసుకలో నల్లమచ్చలు, కెలికితే కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. మీ ఇసుక వేలి మందమే కాబట్టి ఆ భయం తక్కువ. నేను మొదట్లో అందం కోసం నాలుగు వేళ్ళ మందం పోశాను. మూడో ఏడు ఒక రాయి జరపబోతే కింద నుంచి వాసన గుప్పున లేచింది, ఆ వారం తొమ్మిది రొయ్యలు పోయాయి. అప్పట్నుంచి ఆ రాయిని ముట్టుకోలేదు.

గాలిబుడగ గారూ, మీ మాట మంచినీటి రొయ్యలకైతే ఒప్పుకుంటాను. ఇంత తక్కువ ప్రాణులున్న చోట నాచు ఇచ్చే ఆక్సిజన్, నీటి పైభాగంలోంచి కరిగే గాలి సరిపోతాయి. పైగా బుడగలు పగిలిన ప్రతిసారీ ఉప్పు తుంపరలు మూత మీదికి ఎగురుతాయి. మోటారు ఫిల్టరైతే పుట్టిన పిల్లల్ని పీల్చేస్తుంది.

గాలిబుడగ:

ఒప్పుకున్నాను. నాకు మంచినీటి రొయ్యలతోనే అలవాటు.

కొత్తతొట్టి:

రిఫ్రాక్టోమీటరు దొరికింది. 34.

రెండోసారి కడిగి వేసినా 34. హైడ్రోమీటరు ముల్లు విప్పి చూస్తే నిజంగానే తెల్లగా, గరుకుగా ఉంది. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి కడిగి పెడితే 1.025కి లేచి నిలబడింది, అంటే ఆ 34 దగ్గరే. పద్నాలుగు నెలలు ఆ ముల్లుని నమ్మాను! ప్రతి ఆదివారం ఎంత శ్రద్ధగా పోశానో తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. ఒక్క వారం బద్ధకించి ఉన్నా రెండున్నర గ్రాములు తగ్గేవి.

టేపు అంటించాను. ఇవాళ మొదటి 400 మి.లీ. తీశాను.

నత్తగుల్ల:

తీసిన నీళ్ళు పారబోసే ముందు తెల్ల గిన్నెలో పోసి ఒకసారి చూడండి. ఇంకా పిల్లలు లేవని మీరు అనుకోవచ్చు, గిన్నె వేరే మాట చెప్పొచ్చు. అలాగే పగటి లెక్క నమ్మకండి. దీపం ఆర్పిన రెండు గంటల తర్వాత టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూడండి. హవాయిలో కూడా, మనుషులు తెచ్చి వదిలిన గప్పీలూ తిలాపియాలూ ఉన్న గుంటల్లో ఇవి పగలు పగుళ్ళలో దాక్కుని చీకటి పడ్డాకే మేతకి వస్తాయి.

కొత్తతొట్టి (తొమ్మిది వారాల తర్వాత):

ఈ చర్చని మళ్ళీ పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నిన్నటికి 17. మధ్యలో ఊరెళ్ళి ఒక వారం తప్పిపోయాను, అందుకే ఆలస్యం.

రంగు ఒక్కరోజులో రాలేదు. ఐదో వారం, 22 దగ్గర ఉన్నప్పుడు మొదట నడుము దగ్గర ఎర్ర చారలా వచ్చింది, తర్వాత తోకకి పాకింది. రాత్రి టార్చితో లెక్కపెడితే 18. రెండు నిజంగానే పోయినట్టున్నాయి. మేత పూర్తిగా మానేశాను, రాళ్ళు ముందుకంటే పచ్చగా ఉన్నాయి.

అసలు విషయం ఇప్పుడు. ఇవాళ పొద్దున్న నాచు కింద ఒక రొయ్య కాస్త బరువుగా కదులుతోంది. భూతద్దం పెట్టి చూస్తే పొట్ట కింద ముదురెరుపు గుడ్లు, పన్నెండో పదమూడో. కింది కాళ్ళతో వాటిని విసురుతూనే ఉంది, విసనకర్రతో విసిరినట్టు. నేను చూస్తున్నానని తెలిసిందో ఏమో రాయి వెనక్కి వెళ్ళిపోయింది. ఎన్నాళ్ళు మోస్తుంది? పిల్లలకి మేత ఏం సిద్ధం చేయాలి? వేరే తొట్టిలోకి మార్చాలా?

పాతనీరు:

శుభం. నెల పైన ఓ వారం మోస్తుంది. ఆమెని కదిలించకండి. భయపడితే గుడ్లు వదిలేస్తుంది. ఇక మీకు కొన్ని వారాలు కనబడకపోవచ్చు, లెక్కలో ఒకటి తగ్గిందని కంగారుపడకండి.

పుట్టిన పిల్లలు రొయ్యల్లా ఉండవు. తల కిందికి పెట్టి నీళ్ళలో వేలాడుతూ ఉంటాయి, నలకల్లా. ఎవరో చెప్పకపోతే దుమ్ము అనుకుంటారు. మొదటి దశల్లో వాటికి నోటితో పని లేదు, గుడ్డులోంచి తెచ్చుకున్న సొనే ఆహారం. నెల దాటాక ఒకరోజు తల పైకి తిప్పుకుని రాతి మీద వాలి, పెద్దవాటిలాగే తుడవడం మొదలుపెడతాయి. సొంత తల్లిదండ్రులు వాటిని తినవు, వేరే తొట్టి అక్కర్లేదు. ఆ నెల్లాళ్ళూ నీళ్ళు తీయకండి. గీత దాకా పోయడం మాత్రం మామూలే.

కొత్తతొట్టి:

మేత మాట చెప్పలేదు?

పాతనీరు:

చెప్పానండీ. ఏమీ వేయొద్దు. స్పిరులినా డబ్బా ఎత్తైన అలమారాలో పెట్టేయండి.