ఎస్సావిరాలో విండ్‌సర్ఫింగ్: ఏ సెయిల్ తీసుకెళ్లాలి?

ప్రశ్న: జూలైలో హైదరాబాద్ నుంచి మొరాకోలోని ఎస్సావిరా వెళ్దామనుకుంటున్నాం. నా బరువు 75 కిలోలు, హుస్సేన్‌సాగర్‌లో 6.5 చదరపు మీటర్ల సెయిల్ (తెరచాప) అలవాటు. అదే పట్టుకెళ్లనా?

జవాబు: ఇంట్లో వదిలేయండి. జూలైలో అక్కడ ఉత్తరపు గాలి దంచేస్తుంది, 4.2, 4.7 చాలు. సెయిల్‌ని కిందికి బిగించే డౌన్‌హాల్ తాడు గట్టిగా లాగండి, పైన లీచ్ (సెయిల్ వెనక అంచు) వదులై రెపరెపలాడాలి. బిగుసుకునే ఉంటే గాలి ఊపుకి సెయిల్ మిమ్మల్ని ముందుకు విసిరేస్తుంది.

జవాబు: వేసవే కదా అని వెట్‌సూట్ మానకండి. అది అట్లాంటిక్ అండీ, నీళ్లు చల్లగానే ఉంటాయి. కొత్తవాళ్లుంటే పొద్దున్నే దింపండి, మధ్యాహ్నానికి గాలి ముదురుతుంది.

జవాబు: మర్రకేష్‌లో దిగితే బస్సులో దాదాపు మూడు గంటలు. మదీనా (గోడల మధ్య పాత ఊరు) లోపలికి కార్లు రావు, బోర్డు బ్యాగు తోపుడుబండి మీదే. 2001లో యునెస్కో జాబితాకెక్కిన ఊరది. కోటగోడలు గాలి లేని రోజుకి ఉంచుకోండి.