మనుమసిద్ధి కొలువులో తిక్కన ఎవరు?

పెన్నాగట్టు: మా వాడికి స్కూల్ పరీక్షలో "నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులోని తిక్కన ఎవరు?" అని ఇచ్చారు. "గొల్లల నాయకుడు కాటమరాజు మీద యుద్ధానికి వెళ్లిన సేనాని" అని రాశాడు. మార్కు కొట్టేశారు. కవి అని రాయాలట. ఇదెక్కడి న్యాయమండీ? ఇద్దరూ ఆ కొలువులోవాళ్లే కదా!

పద్యప్రియ: తిక్కన అంటే భారతంలో 15 పర్వాలు తెనిగించిన సోమయాజి. ఉత్తి పేరు చెబితే ఆయనే. టీచర్ చేసింది కరెక్టే.

పెన్నాగట్టు: ఉత్తి పేరుతో అడగడమే తప్పంటున్నాను. మంత్రి భాస్కరుడి కొడుకుల్లో కొమ్మన కొడుకు కవి, సిద్ధన కొడుకు ఈ సేనాని, ఖడ్గ తిక్కన. అన్నదమ్ముల బిడ్డలు. ఒకరుంటే ఇంకొకరు లేకుండా పోతారా?

పద్యప్రియ: ఖడ్గ తిక్కన గురించి జనానికి తెలిసినవన్నీ చాటువులు, అంటే నోటినోటా తిరిగే విడి పద్యాలేనండీ. యుద్ధంలోంచి వెన్నిచ్చి తిరిగొస్తే, ఆడదానికి పెట్టినట్టు భార్య స్నానానికి నీళ్లు తోడి, మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద ఉంచి ఎగతాళి చేసిందట. తల్లి విరిగిన పాలు పోసిందట. ఎవరు చూశారు?

చదువరి: భార్య చానమ్మ, తల్లి ప్రోలమ్మ. పేర్లు తారుమారు చేయకండి.

పద్యప్రియ: నేను పేర్లే రాయలేదు!

ఆలమంద: ఇంతసేపూ మంచం గొడవేనా? అవతలి పక్షం ఎవరికీ అక్కర్లేదా? కరువొచ్చి కాటమరాజు ఆవుల్ని నెల్లూరు బీళ్లకు తోలుకొచ్చాడు. పుల్లరి, అంటే పశువుల మేతకు కట్టే పన్ను దగ్గర మాట తేడా వచ్చింది. పాలేటి ఒడ్డున అంతమంది చచ్చిపోయారు. మా తాత ఈ కథ పాడితే తెల్లారిపోయేది.

పద్యప్రియ: పాటలు చరిత్ర కావు. నోటి మాట తరం తరానికీ మారిపోతుంది. కవి తిక్కన సంగతి వేరు. కాకతీయ రాజు గణపతిదేవుడి దగ్గరికి వెళ్లి, సాయం తెచ్చి, మనుమసిద్ధిని మళ్లీ గద్దెనెక్కించాడు. పిల్లలకు అది చెప్పండి.

ఆలమంద: ఆ రాయబారం కథ మీకు ఎక్కడిది? సిద్ధేశ్వర చరిత్ర అనే కావ్యంలోది. అదీ ఎంతో తర్వాత రాసిందే. దాన్ని నమ్ముతారు, మా పాటను నమ్మరు. కాలేజీలో కాటమరాజు కథ మీద ప్రాజెక్టు చేస్తానంటే "కులపురాణాలు మనకెందుకు" అని లెక్చరర్ నా మొహం మీదే అన్నారు. మంత్రుల ఇంటి ముచ్చట పద్యమైతే సాహిత్యం, గొల్లలు పాడితే పుకారా?

పద్యప్రియ: కులం గోల తేవద్దు. నేనడిగింది ఆధారం.

ఆలమంద: నేనూ అదే అడుగుతున్నా. ఖడ్గ తిక్కన ఎవరి మీదికి వెళ్లాడో, ఎందుకు వెళ్లాడో ఇంత వివరంగా ఇంకెక్కడుంది? ఆ పాటలు తీసేస్తే మీ సేనానికి యుద్ధమే మిగలదు.

పెన్నాగట్టు: ఆలమంద గారూ, మీ తాతగారి పాట రికార్డింగ్ ఏమైనా ఉందా? మా వాడికి వినిపిస్తాను.

పద్యప్రియ: వినిపించండి. పరీక్షలో మాత్రం సోమయాజి అనే రాయమనండి.