నైరోబీ: పొద్దున పార్కు సఫారీ, 11కల్లా ఏనుగు పిల్లల దగ్గరికి. ఏ గేటు మేలు?

అమ్మానాన్న వరంగల్ నుంచి వచ్చారు. నైరోబీ నేషనల్ పార్కు, షెల్డ్రిక్ ట్రస్టు వాళ్ల ఏనుగు పిల్లల అనాథాశ్రమం ఒకే రోజు చూపిద్దామని రెండుసార్లు బయల్దేరాను, రెండుసార్లూ తప్పింది. ఆశ్రమంలో సందర్శన 11 నుంచి 12 దాకానే, ముందే బుక్ చేసుకోవాలి.

మొదటి శనివారం 6:30కి లాంగాటా రోడ్డులోని మెయిన్ గేటు నుంచి లోపలికెళ్లాం. సింహం కనబడింది, అక్కడే ముప్పావు గంట గడిచిపోయింది (నాన్న కదలనిస్తేగా!). 10:15కి అదే గేటులోంచి బయటికొచ్చి, బోమాస్ (గేటుకి దగ్గర్లోని సాంస్కృతిక కేంద్రం) దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, 11:40కి చేరాం. పాల సీసాలు అప్పటికే ఖాళీ.

రెండోసారి తిరగేసి చూశాను: ముందు ఆశ్రమం, మధ్యాహ్నం 1కి పార్కు. ఎండకి జీబ్రాలు, జిరాఫీలు తప్ప ఏవీ కనబడలేదు. పార్కులో అడవి ఏనుగులు ఎటూ లేవు కాబట్టి ఆశ్రమం వదులుకోలేం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, వ్యానులో మూడు గంటలకి మించి కూర్చోలేదు.

మెయిన్ గేటుకి తిరిగి రాకుండా, లోపలి దారిలోనే, ఆశ్రమం ఉన్న మాగాడి రోడ్డు వైపు గేటు దాకా వెళ్లి బయటపడొచ్చని ఒక డ్రైవరు అన్నాడు. ఇంకో ఇద్దరు వద్దన్నారు, ఎందుకో చెప్పలేదు. మ్యాపులో దారి కనిపిస్తోంది గానీ ఎంతసేపు పడుతుందో అంచనా దొరకలేదు. మాది మామూలు వ్యాను, ఫోర్ వీల్ డ్రైవ్ కాదు.

ఈ మధ్య శనివారం పొద్దున ఆ దారిలో వెళ్లినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి: 10:45కి ఆశ్రమం చేరాలంటే పార్కు లోపలి నుంచి ఎన్నింటికి బయల్దేరి, ఏ గేటులోంచి బయటికి రావాలి?