అప్‌డేట్: అమ్మాయి డ్రామా క్లాసు మానలేదు

టెక్సాస్‌లో తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి స్టేజీ అంటే భయం, డ్రామా క్లాసు మాన్పించాలా అని పోయిన నెల అడిగాను. మాన్పించలేదు. మీరు చెప్పినట్టే టీచర్ని కలిశాను. మార్కులు నటనకొక్కదానికే కాదట. రిహార్సల్‌కి టైముకి రావడం, గడువులోపు డైలాగులు కంఠతా పట్టడం, జర్నల్ రాయడం, అన్నీ లెక్కే. సగం టెన్షన్ అక్కడే పోయింది.

స్క్రిప్టు అంచుల్లో ఎక్కడికి నడవాలో పెన్సిల్‌తో రాసుకుంటోంది. డైరెక్టర్ మారిస్తే చెరిపేయాలి కదా, అందుకని పెన్సిలే. ‘స్టేజ్ లెఫ్ట్’ అంటే నటుల ఎడమ వైపు, చూసేవాళ్లకి కుడి అని నాకూ నేర్పింది.

నిన్న రాత్రి వంటింట్లో నా ముందు నిలబడి నిమిషం మోనోలాగ్, అంటే ఒక్కరే చెప్పే పొడవాటి డైలాగు, చెప్పింది. మధ్యలో మాట మరిచిపోయి ఆగింది. నేను అందించబోతే చెయ్యెత్తి వద్దంది, ఊపిరి తీసుకుని తనే అందుకుంది. చేతులు వణికాయి గానీ గొంతు వణకలేదు. క్లాసులో చెప్పేది రేపే. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్సండీ.