చర్చ: సల్సా జాతులను కలిపిందా, నల్లవారి పేరును మరుగుపరిచిందా?

కృష్ణాతీరం:
అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బడులూ బస్సులూ ఒంటిరంగును బట్టి వేరుగా ఉన్న 1950లలోనే, న్యూయార్క్‌లోని పల్లాడియం నృత్యశాలలో నల్లవారు, ప్యూర్టోరికోవారు, యూదులు, ఇటాలియన్లు కలిసి మాంబో అనే క్యూబా నృత్యం ఆడారు. సల్సా అనే ఈ లాటిన్ సంగీత నృత్యానికి దారి వేసింది ఆ మాంబోయే. 1964లో సల్సా పాటల రికార్డు సంస్థ ఫానియా రికార్డ్స్‌ను స్థాపించిన ఇద్దరిలో జానీ పచేకో డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టినవారు, జెర్రీ మసూచి ఇటాలియన్ మూలాలున్న న్యాయవాది. ఆ సంస్థకు పేరు తెచ్చిన పియానో విద్వాంసుడు లారీ హార్లో యూదుడు. జాతుల ఐక్యతకు ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

తాళప్రియ:
కృష్ణాతీరం గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే గానీ, నా అభ్యంతరం ఆ పేరుతోనే మొదలవుతుంది. స్పానిష్‌లో సల్సా అంటే నంజుకునే సాస్. సొన్, గ్వాగ్వాంకో వంటి క్యూబా సంగీత రీతుల పేర్లు, వాటితోపాటు వాటిని కన్న నల్లవారి వాడలు, ఆ ఒక్క మాట చాటున పడిపోయాయి. క్యూబా బృందాల్లో కొంగా డోలుకు స్థిరమైన చోటు కల్పించినవారిలో ముఖ్యుడు, కాంగో మూలాలున్న అంధ కళాకారుడు ఆర్సేనియో రొద్రీగెస్. ఆయన బాణీల మీద నిలిచిన సంగీతం సల్సా పేరుతో లోకమంతా మోగడానికి కాస్త ముందు, 1970లో, ఆయన తగిన గుర్తింపు లేకుండానే లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు. అందరూ కలిసి ఆడిన చోట అందరికీ సమాన వాటా దక్కిందని ఎలా అనుకోగలం?

గోదారి గట్టు:
తాళప్రియ గారి బాధ న్యాయమైనదే. అయితే సల్సా నల్లదనాన్ని ఎప్పుడూ దాచిందనడం నాకు సమ్మతం కాదు. కొలంబియా గాయకుడు జో ఆరోయో 1986లో పాడిన 'లా రెబెలియోన్' (తిరుగుబాటు) 17వ శతాబ్దంలో, నేటి కొలంబియాలోని రేవుపట్టణం కార్తహేనాలో ఒక ఆఫ్రికన్ బానిస జంట కథ. భార్యను యజమాని కొట్టగా భర్త తిరగబడతాడు. అంతటి గాయాన్ని పేరుపెట్టి పాడిన ఆ పాటకే కొలంబియాలో అన్ని రంగుల వారూ వేడుకల్లో లేచి ఆడతారు. పేరు దాచుకుని సాధించిన పొత్తు కాదది, పేరు చెప్పుకున్నాకనే కుదిరిన పొత్తు.

లోపం నేర్పే తీరులో ఉందని నా నమ్మకం. నేను హైదరాబాదులో సల్సా నేర్చుకున్న తొలి ఏడాదంతా ఒకటి, రెండు, మూడు అడుగులు వేసి నాలుగో లెక్కకు ఆగడమే తప్ప, ఆ లెక్క ఎక్కడిదో ఎవరూ చెప్పలేదు. ఒకరోజు నేను అడిగితే, మా శిక్షకురాలు మరుసటి వారం క్లావే అనే తాళం వేసే కర్రలు రెండు తెచ్చారు. నృత్యం ఆపించి, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి వారసులు క్యూబాలో నిలబెట్టిన తాళమిదని చెప్పి, ముందు మూడు, ఆపై రెండు, మొత్తం ఐదు దెబ్బలను పావుగంటసేపు మా చేత చప్పట్లతో వేయించారు. ప్రతి తరగతీ ఆ పావుగంటతోనే మొదలవ్వాలని నేను కోరుతున్నాను.