ఘాట్ దిగేటప్పుడు మాత్రమే వెలిగే ఎర్ర బ్రేక్ దీపం: లోపం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న

మాది 2007లో కొన్న చిన్న పెట్రోలు కారు. ఇప్పటికి 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉన్నాయి, ఏబీఎస్ లేదు. రెండు నెలలుగా మీటరులోని ఎర్ర బ్రేక్ దీపం ఉన్నట్టుండి వెలిగి, రెండు మూడు క్షణాల్లో ఆరిపోతోంది. తిరుపతి ఊళ్లో తిరిగినంతసేపూ దాదాపు కనబడదు గానీ, తిరుమల నుంచి కిందికి దిగే ఘాట్ రోడ్డులో, ముఖ్యంగా బ్రేకు నొక్కుతూ ఎడమ మలుపు తిరిగినప్పుడు, తప్పకుండా మినుకుమంటుంది. పైకి ఎక్కేటప్పుడు ఒక్కసారి కూడా వెలగలేదు. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించే ఉంటుంది, పెడల్ గట్టిగానే ఉంది, బండి పక్కకు లాగడం లేదు.

మొదటిసారి చూపించినప్పుడు మెకానిక్ బ్రేక్ ఆయిల్ తగ్గిందని చెప్పి డబ్బా నింపి పంపించారు. మూడు వారాలు దీపం జాడ లేదు, తరువాత మళ్లీ మొదలైంది. రెండోసారి వెళితే హ్యాండ్‌బ్రేక్ స్విచ్ మార్చాలంటున్నారు. డబ్బు పెట్టే ముందు లోపం ఎటువైపు ఉందో నేనే తేల్చుకోగలనా? ఇంట్లో మల్టీమీటరు ఉంది.

జవాబు 1

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉందండీ. ఏబీఎస్ లేని ఇలాంటి పాత కార్లలో ఆ దీపాన్ని వెలిగించేవి సాధారణంగా రెండే: హ్యాండ్‌బ్రేక్ లీవరు కింద ఉండే చిన్న స్విచ్, బ్రేక్ ఆయిల్ డబ్బాలోని ఫ్లోట్ స్విచ్ (ఆయిల్ మీద తేలే బిళ్ల కిందికి దిగితే కలిసే స్విచ్). రెండూ ఒకే తీగపై పనిచేస్తాయి. ఏది ఎర్త్‌కు, అంటే బండి లోహపు బాడీకి, తగిలినా దీపం వెలుగుతుంది. అందుకే దీపాన్ని చూసి మూలం ఏదో చెప్పలేము, అది ఎప్పుడు వెలుగుతుందో చూసి చెప్పవచ్చు. లీవరు స్విచ్ వదులైతే గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద కూడా వెలగాలి, ఘాట్ ఎక్కేటప్పుడూ వెలగాలి. దిగుతూ బ్రేకు నొక్కినప్పుడే వెలుగుతోందంటే, డబ్బాలో మట్టం తక్కువగా ఉండి, ఆయిల్ ముందుకూ కుడివైపుకూ ఒరిగిన క్షణంలో ఫ్లోట్ కిందికి దిగుతోందని అనుకోవడం సబబు. పైగా, నింపగానే మూడు వారాలు ఆగింది కదా.

నిర్ధారణకు ఒక పరీక్ష చెబుతాను. ముందువైపు వాలుగా ఉన్న చోట బండిని గేరులో ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి, ఇంజిన్ వేయకుండా తాళం మాత్రం ఆన్ చేయండి. దీపం వెలగకపోతే బానెట్ దగ్గర నిలబడి బండిని ఊపించండి. వెలిగినప్పుడు డబ్బా మీది కప్లర్ (వైర్లను స్విచ్‌కు కలిపే ప్లగ్గు) పీకండి. ఆరిపోతే మూలం డబ్బా. ఆరకపోతే లీవరు స్విచ్ లేదా వైరు ఒరిసి ఎర్త్ కావడం. మల్టీమీటరుతో చూస్తే, మట్టం సరిగా ఉన్నప్పుడు ఫ్లోట్ స్విచ్ రెండు పిన్నుల మధ్య కనెక్షన్ ఉండకూడదు. పరీక్ష కాగానే కప్లర్ తిరిగి పెట్టడం మరవకండి, అది ఊడి ఉంటే ఆయిల్ మొత్తం పోయినా దీపం వెలగదు.

జవాబు 2

పై పరీక్ష సరైనదే. అయితే మూలం డబ్బా అని తేలితే అక్కడితో ఆగకూడదు. బ్రేక్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా ఖర్చయ్యే వస్తువు కాదు. తగ్గిందంటే అది ఎక్కడికో వెళ్లింది. ముందు డిస్కును పట్టే ప్యాడ్లు అరిగేకొద్దీ, వాటిని నొక్కే క్యాలిపర్ పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ ఖాళీని ఆయిల్ నింపుతుంది. పిస్టన్ వ్యాసం 48 మిల్లీమీటర్లు, రెండు ప్యాడ్లూ కలిపి 14 మిల్లీమీటర్లు అరిగాయి అనుకుంటే, ఒక్కో చక్రానికి సుమారు 25 మిల్లీలీటర్లు అక్కడే చేరుతుంది. చిన్న డబ్బాలో ఆ మార్పు బాగా కనిపిస్తుంది. ప్యాడ్లు మార్చకుండా డబ్బా నింపితే, రేపు కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్‌ను వెనక్కి నొక్కినప్పుడు ఆ ఆయిలంతా పొంగి పెయింటు మీద పడుతుంది. పెయింటును అది తినేస్తుంది.

కానీ ప్యాడ్ల అరుగుదల నెలల తరబడి సాగే వ్యవహారం. మూడు వారాల్లో మట్టం మళ్లీ పడిపోయిందంటే నాకు లీకు అనుమానమే ఎక్కువ. వెనుక టైర్ల లోపలి వైపు తడి మరక ఉందేమో చూడండి. అక్కడ లేకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసేది) బూస్టర్‌కు (పెడల్ బలాన్ని పెంచే గుండ్రటి డబ్బాకు) కలిసే చోట చూడండి: వెనుక సీల్ పోతే ఆయిల్ బూస్టర్ లోపలికే కారుతుంది, నేల మీద చుక్క కూడా కనబడదు. కొన్ని బండ్లలో క్లచ్ కూడా ఇదే డబ్బా నుంచి ఆయిల్ తీసుకుంటుంది. ఒకసారి నా బండిలో బ్రేకులన్నీ విప్పి చూసి ఏమీ దొరకక, చివరికి క్లచ్ కింది సిలిండర్ కారుతోందని తెలుసుకున్నాను. ఆ ఆదివారం మొత్తం వృథా అయింది.

లీకు సంగతి తేలేవరకు దయచేసి ఘాట్ ఎక్కకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వాలులో దీపం వెలిగింది, కప్లర్ పీకగానే ఆరింది. లీవరు స్విచ్ నిర్దోషి. ముందు ప్యాడ్లు 3 మిల్లీమీటర్లే మిగిలాయి గనుక కొంత తగ్గుదల అటే పోయి ఉంటుంది. అయితే ఎడమ వెనుక టైరు లోపలి గోడ మీద, బ్రేక్ ప్లేటు అంచు నుంచి కిందికి, దుమ్ము అంటుకున్న తడి చార కనిపించింది. డ్రమ్ము విప్పించి, లోపల షూలను (డ్రమ్ముకు ఒరిసి చక్రాన్ని ఆపే పట్టీలను) తోసే వీల్ సిలిండర్ రబ్బరు కప్పు అంచు ఎత్తితే ఆయిల్ కారింది. పెడల్ మెత్తబడకపోవడంతో ఇంతవరకు అనుమానం రాలేదు. షూలను పెట్రోలుతో కడిగి తిరిగి బిగిస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

జవాబు 2

ఒప్పుకోకండి. ఆయిల్ పీల్చుకున్న లైనింగు (షూ మీద అరిగే పొర) పైకి శుభ్రంగా కనిపించినా, వేడెక్కినప్పుడు లోపలి తడి మళ్లీ ఉబికి వస్తుంది, అప్పుడు ఒక వెనుక చక్రం పట్టి రెండోది జారుతుంది. రెండు పక్కలా షూలు, రెండు పక్కలా వీల్ సిలిండర్లు మార్పించండి, ముందు ప్యాడ్లు కూడా ఇప్పుడే వేయించండి. కుడి సిలిండర్‌ది కూడా అదే వయసు.

జవాబు 1

సిలిండర్లు మార్చాక ఎలాగూ బ్రేకు పైపుల్లోని గాలి తీయాలి కాబట్టి పాత ఆయిల్ మొత్తం మార్పించండి. బండిలోని ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందా డాట్ 4 అని ఉందా (ఇవి బ్రేక్ ఆయిల్ రకాలు) చూసి అదే పోయించండి, సీలు తీయని ఆయిల్ సీసా మీ ముందే తెరిపించండి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 మరిగే కనీస స్థాయి 205 డిగ్రీల సెల్సియస్ అయితే, తేమ పట్టాక ఆ పరిమితి 140 డిగ్రీలకు దిగుతుంది. ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడుతుంది, కాబట్టి ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు ఉంచేవారికి ఆ తేడా పెడల్ కింద తెలుస్తుంది. పని పూర్తయ్యాక డబ్బా మీద స్కెచ్ పెన్నుతో మట్టం గీత గీసి, రెండు వారాల తరువాత సమతల నేల మీద నిలిపి చూడండి. గీత నుంచి కదిలితే మాస్టర్ సిలిండర్ విప్పించాలి.